క్యూబన్ సల్సా గ్రూప్ క్లాసులు: తరచుగా అడిగే ప్రశ్నలు

క్యూబన్ సల్సా గ్రూప్ క్లాసులో చేరాలనుకునేవాళ్ళు, చేరిన కొత్తలో తికమకపడేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళూ అడుగుతారు, చదువుకో ఉద్యోగానికో విదేశాలకు వెళ్ళి అక్కడ వారాంతాల్లో ఏదైనా నేర్చుకుందామనుకునే మనవాళ్ళూ అడుగుతారు. జవాబులు చదివేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఈ డ్యాన్స్‌లో ముందు అడుగు, సంగీతం, ఎదుటి మనిషి. ఫిగర్లు, అంటే జంట కలిసి చేసే తిప్పుళ్ళు, ముడులు, ఆ తర్వాతే. చాలామంది దీన్ని తలకిందులుగా మొదలుపెట్టి అనవసరంగా కష్టపడతారు.

క్యూబన్ సల్సా అంటే ఏమిటి? మామూలు సల్సాకీ దీనికీ తేడా ఏంటి?

క్యూబాలో ఈ డ్యాన్స్‌ని కసీనో అంటారు. 1950ల రెండో సగంలో హవానా క్లబ్బుల్లో ఇది రూపుదిద్దుకుంది. వాటిలో కసీనో దెపొర్తీవో అనే క్లబ్బు పేరే దీనికి స్థిరపడిపోయింది. అప్పటికే అక్కడ జనం సోన్, దాన్సోన్, మాంబో, చచచా ఆడుతున్నారు. ఆ అడుగులన్నీ కసీనోలో ఎక్కడో ఒకచోట కనిపిస్తాయి. 1959 విప్లవం తర్వాత డబ్బున్నవాళ్ళ క్లబ్బులు కార్మికుల క్లబ్బులయ్యాయి గానీ డ్యాన్స్ ఆగలేదు. 1970ల చివర్లో టీవీ పోటీల వల్ల కుర్రకారు మళ్ళీ దీని వెంట పడ్డారు.

తేడా ప్రధానంగా జంట కదిలే తీరులో ఉంటుంది. లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ పద్ధతుల్లో నేల మీద ఒక గీత ఉందనుకుని ఫాలోయర్ (జంటలో నడిపించే లీడర్‌ని అనుసరించే మనిషి) దాని మీదే అటూ ఇటూ వెళ్తుంది. కసీనోలో గీత ఉండదు, ఇద్దరూ ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతూనే ఉంటారు. వేగంగా గిర్రున తిరిగే స్పిన్నులు తక్కువ. చేతులు ఎక్కువసేపు వదలరు కాబట్టి ముడులు పడుతూ విడుతూ ఉంటాయి. అడుగు మామూలు నడకకి చాలా దగ్గరగా ఉంటుంది.

మన నగరాల్లో సల్సా అని బోర్డు పెట్టిన చాలాచోట్ల నేర్పేది గీత మీద ఆడే పద్ధతే. అదీ మంచి డ్యాన్సే, కానీ ఇది కాదు. ఫీజు కట్టేముందే "కసీనో నేర్పుతారా? రుయేదా ఉంటుందా?" అని అడగండి. రుయేదా అంటే జంటలన్నీ గుండ్రంగా నిలబడి ఆడేది, కింద వివరంగా చెప్తాను.

నాకు డ్యాన్స్ అస్సలు రాదు. చేరొచ్చా?

చేరండి. బిగినర్ బ్యాచ్ ఉన్నదే మీకోసం. నడవడం వస్తే చాలు.

జంట లేకుండా ఒక్కణ్ణే రావచ్చా?

రావచ్చు, చాలామంది అలాగే వస్తారు. గ్రూప్ క్లాసులో కొన్ని నిమిషాలకోసారి టీచర్ "మారండి" అంటారు. అందరూ పక్క మనిషి దగ్గరికి జరుగుతారు. గంట గడిచేసరికి దాదాపు అందరితోనూ ఆడి ఉంటారు. లీడర్లు ఎక్కువై ఫాలోయర్లు తక్కువైతే ఒకరిద్దరు ఒక వంతు ఖాళీగా ఉండాల్సి వస్తుంది. అప్పుడు ఫోన్ తీయకుండా పక్కన అడుగు వేస్తూ ఉండండి.

భార్యాభర్తలు, ప్రేమికులు కలిసి వస్తే "మేం మారం" అంటుంటారు. మారాల్సిందేనని నేను గట్టిగా చెప్తాను. ఒక్కరితోనే ఆడితే, ఆ మనిషి తర్వాత ఏం చేస్తాడో మీకు ముందే తెలిసిపోతుంది. మీరు లీడ్‌కి స్పందించరు, గుర్తున్నది చేసేస్తారు. వేరేవాళ్ళ చేతిలో చేయి పెట్టగానే ఆ సంగతి బయటపడుతుంది. పైగా జంటగా వచ్చినవాళ్ళే క్లాసులో ఎక్కువ గొడవపడతారు. కొత్తవాళ్ళతో అయితే అందరూ ఓపిగ్గానే ఉంటారు.

పరాయివాళ్ళ చేయి పట్టుకోవాలంటే మొహమాటంగా ఉంది. ఇంట్లో కూడా ఏమంటారో అని టెన్షన్.

మనవాళ్ళలో చాలామందిని గుమ్మం దగ్గరే ఆపేసేది ఇదే. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

కొత్త బ్యాచ్‌లో ఎక్కువభాగం చేయి చేయి కలిపి, మధ్యలో ఒక అడుగు ఖాళీ ఉంచి ఆడేదే. ఆ చేయి కూడా గట్టిగా పట్టుకునేది కాదు. లీడర్ తన వేళ్ళు కొద్దిగా వంచి ఉంచుతాడు, ఫాలోయర్ తన వేళ్ళు వాటి మీద కొక్కెంలా ఆనిస్తుంది. బొటనవేళ్ళు తేలిగ్గా పక్కకి ఉండాలి, పైనుంచి నొక్కకూడదు. నొక్కితే చేయి తిరగదు, మణికట్టు మెలిపడుతుంది. దగ్గరగా నిలబడే పద్ధతిలో లీడర్ కుడి చేయి ఫాలోయర్ భుజం వెనక ఎముక మీద ఉంటుంది. నడుము మీదికి జారదు. ఎంత దగ్గరగా నిలబడాలో ఫాలోయరే నిర్ణయిస్తుంది.

ఇబ్బందిగా అనిపిస్తే "ఈసారి వద్దండి" అనే హక్కు మీకుంది, కారణం చెప్పక్కర్లేదు. ఎవరైనా హద్దు మీరితే టీచర్‌కి చెప్పండి. చెప్పాక కూడా టీచర్ పట్టించుకోకపోతే ఆ క్లాసు మానేయండి.

ఇంట్లోవాళ్ళకి బెరుకుంటే ఒకరోజు వచ్చి చూడమనండి. వెలుతురున్న హాల్లో పదిమంది అడుగులు లెక్కపెట్టుకుంటూ చెమటలు కక్కడం చూస్తే సగం అనుమానాలు తీరిపోతాయి. క్యూబాలో మనవడు అమ్మమ్మతో కూడా ఇదే ఆడతాడు. అక్కడ ఇది ఇంట్లో, వీధిలో, పెళ్ళిలో ఆడే డ్యాన్స్.

లీడ్ నేర్చుకోవాలా, ఫాలో నేర్చుకోవాలా?

మొదట ఏదో ఒకటి ఎంచుకుని కొన్ని నెలలు దానిమీదే ఉండండి. మగవాళ్ళు లీడ్, ఆడవాళ్ళు ఫాలో అన్నది అలవాటుగా వచ్చిందే గానీ రూలేం కాదు. రెండూ వచ్చినవాళ్ళు త్వరగా మెరుగవుతారు, ఎదుటివాళ్ళ కష్టం తెలుస్తుంది కదా. లీడర్‌కి మొదట్లో బుర్రకి పని ఎక్కువ. తర్వాత ఏం చేయాలో ముందే అనుకోవాలి, స్పష్టంగా తెలియజేయాలి. ఫాలోయర్‌కి అసలు కష్టం తర్వాత మొదలవుతుంది. ఊహించకుండా, వేచి చూస్తూనే తన అడుగు తాను నిలబెట్టుకోవాలి. ఫాలో అంటే లాక్కెళ్ళినట్టు వెళ్ళడం అనుకుంటే డ్యాన్స్ బరువైపోతుంది.

మొదటి క్లాసులో ఏం నేర్పుతారు?

ముందు అడుగు. లెక్క ఎనిమిది వరకు. ఒకటి, రెండు, మూడు మీద అడుగులు, నాలుగు మీద ఆగడం. ఐదు, ఆరు, ఏడు మీద అడుగులు, ఎనిమిది మీద ఆగడం. లీడర్ ఎడమ కాలితో మొదలుపెడతాడు, ఫాలోయర్ కుడి కాలితో. "ఆగడం" అంటే బిగుసుకుపోవడం కాదు, బరువు ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి నెమ్మదిగా మారే సమయం అది. అడుగులు చిన్నగా ఉండాలి. పెద్ద అడుగులేస్తే పాట వేగం అందుకోలేరు.

తర్వాత గ్వాపేయా. ఇద్దరూ ఎదురెదురుగా ఒక చేయి కలిపి నిలబడతారు. ఒకటి మీద ఇద్దరూ వెనక్కి, ఐదు మీద ఇద్దరూ దగ్గరికి. దగ్గరికొచ్చినప్పుడు ఖాళీగా ఉన్న అరచేతులు తాకుతాయి. కసీనోలో ఏం చేయాలో తోచనప్పుడు అందరూ తిరిగొచ్చే చోటు ఇదే.

ఆ తర్వాత దీలే కే నో. ఫాలోయర్ లీడర్ కుడిపక్క నుంచి బయల్దేరి, అతని ముందుగా నడుచుకుంటూ ఎడమపక్కకి వచ్చి గ్వాపేయాలో నిలుస్తుంది. వినడానికి తేలిక. కానీ లీడర్ దారి ఇవ్వకుండా ఉన్నచోటే నిలబడిపోతే ఫాలోయర్ అతని చుట్టూ పరిగెత్తాల్సి వస్తుంది. లీడర్ తానే తిరుగుతూ తలుపు తెరిచినట్టు పక్కకి జరగాలి. ఈ ఒక్కటి శుభ్రంగా చేయడం మీద టీచర్ ఎంత సమయం పెడితే అంత మంచిది, ఎందుకంటే దాదాపు ప్రతి ఫిగరూ దీంతోనే ముగుస్తుంది.

రుయేదా అంటే ఏమిటి?

జంటలన్నీ గుండ్రంగా నిలబడతాయి. ఒకరు పిలుస్తారు, అందరూ ఒకేసారి ఆ ఫిగర్ చేస్తారు, జోడీలు మారుతూ ఉంటాయి. మన కోలాటం చూసినవాళ్ళకి దీన్ని పెద్దగా వివరించక్కర్లేదు. గురువు ఈల వేయగానే కోపు మారడం, వలయంలో ఒకరు తడబడితే పక్కవాళ్ళు సర్దుకోవడం, అంతా ఇక్కడా ఉంటుంది. కోలల బదులు చేతులు.

మొదట వినిపించే పిలుపులు కొన్నే. "దామె" అంటే ఈ జోడీని వదిలి పక్క జోడీ దగ్గరికి వెళ్ళాలి. "దామె దోస్" అంటే ఒకరిని దాటి రెండో మనిషి దగ్గరికి. "ఎంచుఫ్లా" అంటే లీడర్ ఎత్తిన చేతి కింద ఫాలోయర్ సగం తిరిగి, ఇద్దరూ చోట్లు మార్చుకుంటారు. "సొంబ్రేరో"లో రెండు చేతులూ కలిపి తిప్పి, చివరికి ఇద్దరి మెడల వెనకా చేతులు వాలతాయి. "సెతెంతా"లో ఫాలోయర్ చేయి ఒకటి వీపు వెనక్కి మడుచుకుని, మళ్ళీ వరసగా విడుతుంది. "సెతెంతా" దొరికినరోజు క్లాసంతా ఊరేగింపంత సంబరంగా ఉంటుంది.

రుయేదాలో ఎవరూ ఒక్కరే మెరవలేరు, ఒక్కరే దాక్కోలేరు కూడా. ఒక లీడర్ ఆలస్యమైతే తర్వాతి ఫాలోయర్ ఖాళీ చేయి చాచి నిలబడిపోతుంది. తడబడ్డారా? కంగారు పడి మధ్యలో దూరకండి. ఎదురుగా ఉన్నవాళ్ళతో గ్వాపేయా చేస్తూ తర్వాతి పిలుపు దగ్గర కలవండి. వలయం విచ్చుకుపోతుంటే ఒక అడుగు లోపలికి రండి. కొత్తవాళ్ళు ఎప్పుడూ వెనక్కి వెనక్కి జరుగుతారు, వలయం పెద్దదైపోయి జోడీ మారడానికి పరుగెత్తాల్సి వస్తుంది.

నా మటుకు, గ్రూప్ క్లాసుకి రావడానికి రుయేదా ఒక్కటే చాలినంత కారణం. ప్రైవేటు క్లాసులో టెక్నిక్ వస్తుంది, ఇది రాదు.

నాకు స్పానిష్ రాదు. పిలుపులు ఎలా అర్థమవుతాయి?

భాష రానక్కర్లేదు. ముప్పై నలభై పిలుపులు చెవికి అలవాటైతే చాలు. పాట హోరులో వినిపించకపోవచ్చని చేతి సైగలు కూడా ఉంటాయి. ఉదాహరణకి సొంబ్రేరోకి తల మీద చేయి పెట్టి చూపిస్తారు. ఒక జాగ్రత్త: హవానాలో, మయామీలో, యూరప్‌లో ఒకే ఫిగర్‌కి వేర్వేరు పేర్లు ఉండొచ్చు. ఊరు మారితే మొదటిరోజు పిలుపులిచ్చే మనిషిని కాస్త గమనించి వలయంలో చేరండి.

నాకు బీట్ దొరకడం లేదు. ఎలా?

ఇది చెవి పని, కాళ్ళది కాదు. సినిమా పాటల్లో ఒకటో మాత్ర మీద దరువు గట్టిగా పడి మనకి దారి చూపిస్తుంది. క్యూబన్ సంగీతంలో బేస్ తరచుగా ఒకటి మీద పలకదు, దానికంటే ముందే వచ్చేస్తుంది. అందుకే బేస్ పట్టుకుని వెళ్ళేవాళ్ళు తప్పిపోతారు.

కాంగా డోళ్ళు వినండి. టప్పు టప్పుమనే చిన్న దెబ్బల మధ్య రెండు గుండ్రటి శబ్దాలు, "తుమ్ తుమ్" అని, పక్కపక్కనే వస్తాయి. అవి నాలుగు మీద, నాలుగున్నర మీద, మళ్ళీ ఎనిమిది మీద, ఎనిమిదిన్నర మీద పడతాయి. అంటే "తుమ్ తుమ్" అయిన వెంటనే వచ్చేది ఐదో ఒకటో అయి ఉంటుంది. అక్కడ అడుగు వేయండి. పాట ఊపందుకున్నాక పెద్ద గంట మోగుతుంది. దాని బలమైన దెబ్బలు ఒకటి, మూడు, ఐదు, ఏడు మీద ఉంటాయి.

ఇక క్లావే. రెండు చెక్క ముక్కల మీద ఐదు దెబ్బలు. ఒక వైపు మూడు, ఇంకో వైపు రెండు. మూడు ముందొస్తే అవి ఒకటి, రెండున్నర, నాలుగు, ఆరు, ఏడు మీద పడతాయి. బస్సులో కూర్చుని తొడ మీద వేళ్ళతో వాయిస్తూ ఎనిమిది లెక్కపెట్టి చూడండి. ఇది పాటంతా వినిపించకపోవచ్చు, కానీ వాయించేవాళ్ళందరి మనసులో నడుస్తూనే ఉంటుంది.

వినడానికి నెమ్మదైన సోన్‌తో మొదలుపెట్టండి. సెప్తేతో నసియొనాల్, కొంపాయ్ సెగుందో, ఇబ్రహీం ఫెర్రేర్ పాటలైతే ప్రతి వాయిద్యం విడివిడిగా వినిపిస్తుంది. ఆ తర్వాత అడల్బెర్తో అల్వారెస్. చెవి కుదిరాక 1969లో హువాన్ ఫోర్మెల్ మొదలుపెట్టిన లోస్ వాన్ వాన్, అలెగ్జాండర్ అబ్రేయు బృందం హవానా దె ప్రిమేరా. ఈ కొత్తతరం సంగీతాన్ని టింబా అంటారు. మధ్యలో బేస్ మాయమై దరువు ఒక్కసారిగా మారిపోతుంది, కొత్తవాళ్ళని తికమకపెట్టేది ఇదే. కొన్నాళ్ళకి అదే ఇష్టమవుతుంది.

కూచిపూడి నేర్చుకున్నాను. ఉపయోగపడుతుందా?

తాళజ్ఞానం, జ్ఞాపకశక్తి, ఓపిక బాగా పనికొస్తాయి. ఎనిమిది లెక్క మీకు ఒక లెక్కే కాదు. అడ్డుపడేవి రెండు. పాదం తట్టి శబ్దం చేయాలనిపిస్తుంది, ఇక్కడ పాదం నేలని నెమ్మదిగా నొక్కాలి. రెండోది, ఎదుట ప్రేక్షకులు ఉన్నట్టు ముందుకే చూడాలనిపిస్తుంది. ఇక్కడ ప్రేక్షకులు లేరు, చూడాల్సింది జోడీని.

నడుము ఊపడం రావడం లేదు.

ఊపొద్దు. మోకాళ్ళు కొద్దిగా వదులుగా ఉంచి, బరువు పూర్తిగా ఒక కాలి మీదికి మార్చండి. నిలబడ్డ కాలు నిటారైతే ఆ వైపు నడుము దానంతటదే జరుగుతుంది. కావాలని ఊపితే పైభాగం బిగుసుకుంటుంది, చేతుల్లో లీడ్ తెలియదు.

ఏం వేసుకోవాలి?

చెమట పీల్చే బట్టలు, ఇంకో జత చొక్కా, చిన్న టవల్. బూట్ల విషయంలో మాత్రం పట్టింపు ఉండాలి. పరుగు బూట్ల రబ్బరు అడుగు నేలని పట్టేస్తుంది. ఒళ్ళు తిరిగి పాదం తిరగకపోతే ఆ మెలి మోకాలి మీద పడుతుంది. తోలు అడుగున్న మామూలు బూట్లు చాలు, హీల్స్ అవసరం లేదు.

చున్నీ వదులుగా వేలాడకూడదు. ఉంగరాలు, గాజులు తీసేయండి, పట్టు మారేటప్పుడు ఎదుటివాళ్ళ వేళ్ళకి గీసుకుంటాయి. నల్లపూసలు జాకెట్ లోపలికి వేసుకోండి. పొడవాటి జడ తిరిగేటప్పుడు ఎదుటివాళ్ళ కంటికి తగులుతుంది, ముడి వేసుకోండి. పచ్చి ఉల్లిపాయ తిని రాకండి.

ఎన్నాళ్ళకి వస్తుంది?

వారానికి ఒకటి రెండు క్లాసులకి మానకుండా వెళ్తే, మూడు నాలుగు నెలల్లో నెమ్మది పాటకి ధైర్యంగా ఆడగలిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఫిగర్ల సంఖ్యతో కొలుచుకోకండి. తెలియని మనిషితో, తెలియని పాటకి, ఐదారు ఫిగర్లతో హాయిగా ఆడగలిగితే మీకు వచ్చినట్టే.

రుంబా, ఆఫ్రో క్లాసులు కూడా ఉంటాయంటున్నారు. అవి అవసరమా?

మొదటి ఏడాది అవసరం లేదు. కానీ కసీనో మీద నిజంగా మనసు పడితే తప్పకుండా వెళ్ళండి. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన ప్రజల సంతతి కాపాడుకున్న లయలు, కదలికలు ఈ డ్యాన్స్ ఒంట్లో ఉన్నాయి. రుంబాలో యాంబూ, గ్వాగ్వాంకో, కొలుంబియా అని మూడు రకాలు. 2016లో క్యూబా రుంబాని యునెస్కో సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. టింబా పాటలో చేతులు వదిలి విడిగా ఆడే చోట క్యూబన్లు వీటినే వాడతారు.

ఆఫ్రో క్లాసులో ఒరీచాలనే దేవతల నృత్యాలు నేర్పుతారు. సముద్రానికి, మాతృత్వానికి సంబంధించిన యెమయా రంగులు నీలం, తెలుపు. నదికి, ప్రేమకి ఓచున్ పసుపు. ఉరుముకి చంగో ఎరుపు, తెలుపు. అక్కడ వీళ్ళు ఇప్పటికీ పూజలందుకుంటున్న దేవతలు. నేర్చుకునేటప్పుడు మన గుడిలో ఎలా ఉంటామో అలాగే మర్యాదగా ఉండండి. పార్టీలో నవ్వించడానికి ఆ అడుగులు వేయకండి.

సోషల్ డ్యాన్స్ పార్టీకి ఎప్పుడు వెళ్ళాలి?

దీలే కే నో, ఎంచుఫ్లా వచ్చిన వారమే వెళ్ళండి. ఎవరినైనా అడగొచ్చు, ఎవరైనా వద్దనొచ్చు. వద్దంటే నవ్వి పక్కకి వెళ్ళండి, ఎందుకని అడగొద్దు. ఒక పాట ఆడి థాంక్స్ చెప్పి వదిలేయండి. ఎవరికైనా కాలు తగిలితే ముందు క్షమించమనండి. ఫ్లోర్ మీద ఎదుటివాళ్ళకి పాఠాలు చెప్పొద్దు, అడగనిదే చెప్పిన సలహా వల్ల డ్యాన్స్ మానేసినవాళ్ళున్నారు.

మంచి టీచర్‌ని ఎలా గుర్తుపట్టాలి?

ట్రయల్ క్లాసులో ఆయన ఎంత బాగా ఆడుతున్నారని కాదు, విద్యార్థులు ఎలా ఆడుతున్నారో చూడండి. ఆరు నెలల బ్యాచ్ పాట మొదలవగానే లెక్క చెప్పకుండానే అడుగు కలుపుతోందా? టీచర్ వాయిద్యాల గురించి మాట్లాడతారా? ఫాలోయర్లకి విడిగా ఏమైనా నేర్పుతారా, లేక లీడర్లకి చెప్పి వాళ్ళని ఊరికే నిలబెడతారా? ప్రతి వారం కొత్త ఫిగర్ చెప్పి పాతది వదిలేసే చోట ఫోన్ నిండా వీడియోలు మిగులుతాయి, ఒంట్లో ఏమీ మిగలదు.

మోకాళ్ళ నొప్పులున్నాయి, వయసు యాభై దాటింది. ఫర్వాలేదా?

వయసు అడ్డు కాదు. నొప్పి ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి, టీచర్‌కి చెప్పండి. గెంతులు, వేగమైన తిప్పుడు మానేసి సోన్ వేగంలో ఆడండి. నెమ్మదిగా బాగా ఆడేవాళ్ళతో ఆడటానికి జనం వరసకడతారు.

ఇంట్లో ఎలా ప్రాక్టీస్ చేయాలి?

రోజూ రెండు మూడు పాటలు చాలు. ఒక పాటకి లెక్క చెప్తూ అడుగు, ఇంకో పాటకి లెక్క చెప్పకుండా అడుగు. మధ్యలో తప్పితే ఆగి, "తుమ్ తుమ్" విని మళ్ళీ కలవండి. ఫిగర్లు ఒక్కళ్ళే చేస్తే చేతులకి తప్పుడు అలవాట్లు పడతాయి. వాటిని క్లాసుకే వదిలేయండి.

ఒక క్లాసు మిస్సయితే?

తర్వాతి క్లాసుకి పది నిమిషాలు ముందుగా రండి. ముందు వారం వచ్చినవాళ్ళెవరైనా జరిగింది చూపిస్తారు, అది వాళ్ళకీ రివిజనే. వరసగా మూడు నాలుగు వారాలు రాలేకపోతే సిగ్గుపడి మానేయకండి, కొత్తగా మొదలైన బిగినర్ బ్యాచ్‌లో చేరిపోండి. పాతవాళ్ళు బిగినర్ బ్యాచ్‌లో ఉంటే కొత్తవాళ్ళకి దీలే కే నో త్వరగా దొరుకుతుంది, టీచర్లు వాళ్ళని సంతోషంగా చేర్చుకుంటారు.